పాతిక సెంటీమీటర్ల సరిహద్దు

బడిపిల్లల పలకంత ఉంటాను. తెల్లటి అట్ట మీద నల్లగా, లావుగా ఒకే ఒక్క ఇంగ్లీషు ‘ఈ’. చదువు రాకపోయినా ఇబ్బంది లేదు, నా మూడు కాళ్లు పైకున్నాయా, కిందికా, కుడికా, ఎడమకా చెప్తే చాలు. గోడ మీది చార్టులో అన్నిటికంటే పెద్ద అక్షరం కూడా అందని కళ్లను కొలవడానికి బర్కిలీలో ఇయాన్ బెయిలీ, ఆయన సహచరులు మా అట్టల కుటుంబాన్ని తయారుచేశారు. అందరిలోకీ పెద్దదాన్ని నేను. నా అక్షరం ఎత్తు 14.5 సెంటీమీటర్లు.

నా కొలువు చూపు తక్కువైనవాళ్ల ఆటల పోటీల దగ్గర. పోటీలు మొదలవకముందే ఏ హోటల్ గదిలోనో, స్టేడియం పక్కనో బల్ల వేస్తారు. పరీక్షించేది కంటి డాక్టర్లో, ఆప్టోమెట్రిస్టులో. క్రీడాకారుడు సొంత ఊళ్లో డాక్టరు నింపిన ఫారాలు, రిపోర్టులు పట్టుకొస్తాడు. అద్దాలతో చూపు మెరుగయ్యేట్టయితే అవి పెట్టుకునే చూడాలి. రెండు కళ్లలో బాగా కనిపించేదానిదే లెక్క.

కొలతకు లాగ్‌మార్ అని పేరు. ఇందులో అంకె పెరిగిందంటే చూపు తగ్గిందని. మామూలు కన్ను 60 మీటర్ల నుంచి చదివేది 6 మీటర్లకు వస్తేగాని తెలియకపోతే అది 1.0. అక్కణ్ణుంచి 1.4 దాకా బి3 తరగతి. 1.5 నుంచి 2.6 దాకా బి2. ఆ 2.6 దగ్గర కాపలా నాది. మామూలు కంటికి 100 మీటర్ల నుంచి ఆనే నన్ను ముఖానికి పాతిక సెంటీమీటర్ల దగ్గర పట్టుకున్నా కాళ్లు ఎటున్నాయో తెలియలేదంటే ఆ మనిషి బి1. వెలుగూ చీకటీ తేడా తెలిసేవాళ్లు కూడా అందులో ఉంటారు, అందుకే పరుగులో బి1లందరి కళ్లకూ గంతలు కట్టిస్తారు.

పరుగు పందేల్లో ఇవే టీ11, టీ12, టీ13 అవుతాయి. టీ11కు తాడు పట్టుకుని పక్కనే పరుగెత్తే గైడ్ తప్పనిసరి, టీ12కు వాళ్ల ఇష్టం, టీ13 ఒంటరి పరుగే. 2024 పారిస్ పారాలింపిక్స్‌లో టీ12 200 మీటర్ల కాంస్యం గెలిచిన సిమ్రన్ శర్మ పక్కన గైడ్ అభయ్ సింగ్ ఉన్నాడు. ఇద్దరికీ కలిపి రెండు లేన్లు కావాలి కాబట్టి ఎనిమిది లేన్ల ఫైనల్లో పరుగెత్తేది నలుగురే.

అంధుల క్రికెట్‌లో ఈ తరగతుల మీదే జట్టు నిలుస్తుంది. పదకొండుమందిలో బి1లు కనీసం నలుగురు, బి2లు ముగ్గురు, బి3లు నలుగురికి మించకూడదు. బి1 బ్యాటరు కొట్టిన పరుగు రెండుగా లెక్క. గుంటూరు జిల్లా నుంచి వచ్చి భారత జట్టుకు కెప్టెనై, 2023 అర్జున అవార్డు అందుకున్న ఇల్లూరి అజయ్ కుమార్ రెడ్డి బి2 ఆటగాడు.

కంటి చార్టు ముందు కూర్చున్న ఎవరైనా ఇంకో వరస చదివి మెప్పిద్దామనే చూస్తారు. నా ముందు మాత్రం ఎప్పుడో ఒకడు, తనకంటే చూపు తక్కువున్నవాళ్లతో పోటీ పడొచ్చని, తక్కువ చదివితే లాభమనుకుంటాడు. వాణ్ణి పట్టేది లెక్క. దిక్కులు నాలుగే కదా, నిజంగా కనపడనివాడు గుడ్డిగా చెప్పినా నాలుగింట ఒకటి దానంతటదే కుదురుతుంది. పదేపదే తిప్పి చూపించినా ఒక్కటీ కుదరలేదంటే నేను శుభ్రంగా కనిపిస్తున్నానన్నమాట! దూరం మార్చినా అంతే. మీటరు దూరంలో పోల్చుకున్న అక్షరంలో నాలుగో వంతు ఉన్నదాన్ని పావు మీటరు దగ్గర పోల్చుకోవాలి. పొంతన కుదరకపోతే ప్రశ్నలు మొదలవుతాయి. కావాలని మోసం చేశాడని తేలితే నిషేధం. ఎక్కువమంది అలాంటివాళ్లు కాదు, ఉన్నది ఉన్నట్టు చెప్పి పోయేవాళ్లే. అయినా అందరినీ అదే అనుమానంతో తిప్పి తిప్పి అడగడం నాకు కొంచెం చిన్నతనంగానే ఉంటుంది.

ఇక మారే అవకాశం లేదనుకుంటే తరగతి ఖాయం చేస్తారు, మళ్లీ నా మొహం చూడక్కర్లేదు. రెటినైటిస్ పిగ్మెంటోసా లాంటి జబ్బుతో చూపు ఏటికేడు తగ్గేవాళ్లు మాత్రం మళ్లీ రావలసిందే. వీళ్లలో కొందరికి నేను గది అవతల నుంచే కనిపిస్తాను. కానీ గొట్టంలోంచి చూసినట్టు మధ్యలో ఇంత ముక్కే కనిపిస్తుంది. ఆ వలయం వ్యాసం 10 డిగ్రీల లోపైతే బి2, 40 లోపైతే బి3. అక్కడ నా మాట చెల్లదు, దృష్టి పరిధి కొలిచే యంత్రం మాటే చెల్లుతుంది.

అసలు తరగతుల మధ్య ఈ గీతలు ఆటల కోసం పుట్టినవి కావు. అంధత్వానికి వైద్యులు రాసుకున్న నిర్వచనాల నుంచి తెచ్చుకున్నవి. జూడోలో ఒకప్పుడు బరువు సరిపోతే చాలు, మూడు తరగతులవాళ్లూ ఒకే చాప మీద తలపడేవారు. కొంచెం చూపున్నవాడికి అది అనుకూలంగా ఉందా లేదా అని ఆమ్‌స్టర్‌డామ్‌లో డేవిడ్ మాన్ లాంటి పరిశోధకులు ఆటనే పట్టుకుని పరీక్షించారు. 2022 నుంచి జూడోలో జే1, జే2 అని రెండే తరగతులు. పారిస్‌లో కపిల్ పర్మార్ 60 కిలోల విభాగంలో కాంస్యం గెలిచింది జే1లోనే. పారాలింపిక్స్ జూడోలో భారత్‌కు అదే తొలి పతకం.

పరుగుకూ ఈతకూ చాపకున్నంత దగ్గరతనం లేదు, అక్కడి గీత వేరేచోట ఉండాలేమో. జరపాలనుకుంటే జరపమనండి. చేయి చాచి ఎంత దూరంలో పట్టుకుంటే అంత దూరంలో నిలబడేదాన్ని, నాకేం పోయింది!