శ్రీ డేటా గారు

శుక్రవారం రాత్రి బెంగళూరు మడివాళలో రెండు రకాల మూటలు కడతారు. రోడ్డు మీద హైదరాబాద్, విజయవాడ బస్సులకు నిలబడ్డ మనవాళ్లవి సంచులు. పైన పీజీ గదిలో సెలవు దొరకని కుర్రాడిది డేటా మూట: జేసన్ ఫార్మాట్‌లోది విప్పి ఎక్స్‌ఎంఎల్‌లో కడుతుంటాడు. ఎందుకు నాయనా అంటే, "ప్రాసెసింగ్ ఈజీ అవుతుందంట అన్నా, మేనేజర్ చెప్పాడు."

జేసన్ ఆంధ్రా మెస్సు చీటీ: భోజనం 2, పెరుగు 1. ఎక్స్‌ఎంఎల్ పెళ్లి శుభలేఖ: ప్రతి పేరుకీ ముందు శ్రీ, వెనక గారు, అందరికీ పైన ఒకే ఇంటిపెద్ద. అంకెతో మొదలయ్యే పేరుకి పంక్తిలో చోటే లేదు. 1998 నాటి మర్యాదలివి. మర్యాద మంచిదే. కానీ చీటీని శుభలేఖగా అచ్చేయించినంత మాత్రాన ఇంకో కప్పు పెరుగు రాదు.

అవసరమే లేదనను. జీఎస్టీ పోర్టల్ రిటర్నులు జేసన్‌లో ఇస్తుంది. ట్యాలీ ఏళ్ల తరబడి వోచర్లు ఎక్స్‌ఎంఎల్‌లో తీసుకుంటోంది. మధ్య వంతెన కావాల్సిందే. మనం కట్టేది మాత్రం తాటిదుంగ. దొరికిన కన్వర్టర్‌లో ఫైలు పడేస్తాం, అవతల ఏదో రాలుతుంది, డెమోలో చప్పట్లు. నెలాఖరుకి అసలు కథ. జేసన్‌లో కొటేషన్ల మధ్య "07"గా భద్రంగా ఉన్న ఢిల్లీ జీఎస్టీ కోడు, టైపు చెప్పని ఎక్స్‌ఎంఎల్ దాటి అవతలి ప్రోగ్రాం ఊహకు చిక్కి ఉత్త 7 అవుతుంది. షావుకారుకి రెండు బిల్లులుంటే జాబితా. ఒక్కటే ఉన్న నెల అది జాబితా అన్న ఆనవాలే మిగలదు. ప్రోగ్రాం బోర్లా పడుతుంది. తిట్లు కుర్రాడికి.

తమాషా ఏమిటంటే, ఆదాయపు పన్ను శాఖ 2021-22 అసెస్‌మెంట్ ఇయర్ నుంచి ఎక్స్‌ఎంఎల్ వదిలి జేసన్‌కి మారింది. రేపు కొత్త మేనేజరొచ్చి "వెనక్కి మార్చండి, ఈజీ" అంటాడు. ఇంకో శుక్రవారం, ఇంకో బస్సు పోతుంది.

అయ్యా మేనేజర్ గారూ, మార్చమనే ముందు ఒక్క కాగితం రాయించండి: ఏది అంకె, ఏది అక్షరం, ఏది జాబితా, ఏది ఖాళీగా ఉండొచ్చు. దాన్నే స్కీమా అంటారు. అది రాస్తే చీటీ అయినా శుభలేఖ అయినా ఒకటే. రాయకపోతే తేలికైంది ప్రాసెసింగ్ కాదు, మీ పని.