పాత పెట్టె, కొత్త డబ్బ: సటీకా తాత్పర్యం

మూలము

బాపు! పాత పెట్టె బందయ్యె నిన్ననే
చదువు సాగదింక చక్కగాను
కొత్త డబ్బ కొంటె కొలువుకు దారగు
పంపు దుబయి నుండి పైసలిన్ని

కవి మెట్‌పల్లి వాస్తవ్యుడు, నాచుపల్లి ఇంజినీరింగ్ కాలేజీ విద్యార్థి. పేరు రాయడానికి తల్లి ఒప్పుకోలేదు. ఛందస్సు ఆటవెలది, యతులన్నీ కుదిరాయి. నాలుగో పాదంలో ‘పం’కు ‘పై’ని జత చేసిన తీరు చూస్తే అకార ఐకారాల మైత్రి తెలిసినవాడే. ఆటల కోసం రాసిన పద్యానికి ఆటవెలదే తగునని చమత్కరించడం చవకబారు పని కనుక ఆ మాట అనడం లేదు.

వ్యాఖ్యాతలలో పెద్ద మల్లినాథసూరి మనవాడే. మెదక్ జిల్లా కొల్చారం ఆయన ఊరని చెప్తారు. మూలంలో లేనిది రాయననీ, అక్కరలేనిది చెప్పననీ ఆయన నియమం పెట్టుకున్నాడు. ఈ టీకాకారుడు మొదటి నియమం పాటిస్తాడు. గ్రాఫిక్ కార్డు మాట వచ్చాక రెండోది పాటించడం మనుషుల వల్ల అయ్యే పని కాదు.

అవతారిక

తండ్రి దుబాయిలో ఏసీ మెకానిక్. తల్లి ఇంట్లో బీడీలు చేస్తుంది. కొడుకు ఈ పద్యాన్ని వాట్సాప్‌లో వాయిస్ మెసేజిగా పంపాడు. కనుక ఇది సందేశకావ్యం.

ఫోను చేస్తే అయిపోయేదానికి పద్యమెందుకని పూర్వపక్షం. సమాధానం: ఎమిరేట్స్‌లో వాట్సాప్ కాల్ కలవదు. అక్కడి ప్రభుత్వం ఒప్పుకున్న బోటిమ్ వంటి యాప్‌లలోనే మాట్లాడుకోవాలి. వాయిస్ మెసేజికి మాత్రం అడ్డు లేదు. పైగా కాల్‌లోనైతే తండ్రి మధ్యలో ప్రశ్నలు వేస్తాడు, మెసేజి నడుస్తుండగా వేయలేడు. కవి ప్రౌఢిమ ఇక్కడే తెలిసిపోయింది.

ప్రతిపదార్థము

బాపు! = ఓ తండ్రీ! మామూలు రోజుల్లో ఈ కవి సంబోధన లేకుండానే ‘రీచార్జి చెయ్యి’ అంటాడు. సంబోధన పాదం మొదటికి వచ్చిందంటే ఖర్చు పెద్దదని భావము.

పాత పెట్టె = నాలుగో తరం ఐ5 ప్రాసెసర్, హెచ్81 మదర్‌బోర్డు, 4 జీబీ డీడీఆర్3 ర్యామ్, తిరిగే హార్డ్ డిస్కు గల సీపీయూ. అక్క డిగ్రీలో చేరిన 2014లో ఆమె కోసం కొన్నది. అక్క పెళ్లయి కోరుట్లకు పోయింది, సారెలో పెట్టకపోవడం వల్ల పెట్టె ఇక్కడే ఉండిపోయింది. ‘పాత’ అనడంలో నింద ఉన్నా అబద్ధం లేదు. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ 2025 అక్టోబరు 14తో మద్దతు ఆపేసింది. విండోస్ 11 పెట్టుకోవాలంటే, ఇంటెల్‌లోనైతే, దాదాపుగా ఎనిమిదో తరం నుంచి ఉండాలి, టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటు ఉండాలి. నాలుగో తరానికి ఆ యోగం లేదు. దొడ్డిదారిన ఎక్కించేవాళ్లు ఉన్నారు గానీ, విండోస్ 11 మీద వాలరెంట్ ఆట టీపీఎం 2.0 లేనిదే గడప దాటనివ్వదు. కవికి ఈ సంగతి తెలుసు. ఆట పేరు పద్యంలో ఎందుకు లేదో ఊహించుకోవచ్చు.

బందయ్యె = ఆగిపోయెను. ఏమి ఆగిపోయింది? టీకాకారుడికి ఈ పద్యంలో అన్నిటికన్నా అనుమానం కలిగించిన మాట ఇదే. యంత్రం ఒక్క తీరుగా చావదు. హార్డ్ డిస్కు పోయేముందు టక్కుటక్కుమని కొట్టుకుంటుంది. మదర్‌బోర్డు మీద రూపాయి బిళ్లలాంటి 3 వోల్టుల సెల్లు అయిపోతే పెట్టె ఎన్నేళ్లో వెనకటి తేదీ చూపిస్తుంది. ఆ తేదీ నమ్మి బ్రౌజరు బ్యాంకు సైటును కూడా దొంగ సైటంటుంది. ప్రాసెసర్ మీది పేస్టు ఎండిపోయి, ఫ్యాను రెక్కలకు దుమ్ము పట్టితే ఫ్యాను హోరెత్తి, వేడి ఓర్వలేక పెట్టె తనంతట తానే ఆరిపోతుంది. ర్యామ్ కాళ్లకు మురికి పడితే బీప్ బీప్ అని మొత్తుకుంటుంది, తెర మీద మాత్రం ఏమీ రాదు. బటన్ నొక్కితే ఉలుకూ పలుకూ లేకపోతే ముందు పెట్టెకు కరెంటు పంచే ఎస్‌ఎంపీఎస్‌నే అనుమానించాలి. ఇన్ని రకాల చావులుండగా కవి ఒక్క ‘బందయ్యె’తో సరిపెట్టాడు. చప్పుడు చెప్పలేదు, వాసన చెప్పలేదు, నీలి తెర వచ్చిందో లేదో చెప్పలేదు. తండ్రి మెకానిక్ అని మరిచిపోయి రాసిన పదమిది.

నిన్ననే = దసరా నుంచీ.

చదువు = జీటీఏ 5, కౌంటర్ స్ట్రైక్ 2, పైన చెప్పిన వాలరెంట్. ఇంజినీరింగ్‌లో నిజమైన చదువు కూడా కొంత ఉంది. సీ ప్రోగ్రాములకు, పైథాన్‌కు ఈ పాత పెట్టే ఎక్కువ. బొమ్మలు గీసే సాఫ్ట్‌వేర్లకు, త్రీడీ పనికి మాత్రం గ్రాఫిక్ కార్డు ఆసరా అవుతుంది. అందువల్ల దీన్ని పూర్తి అసత్యమనలేము, అర్ధసత్యమనవచ్చు. అర్ధసత్యాన్ని తండ్రికి ఎట్లా పంపాలో చక్కగా తెలిసినవాడు కనుక ‘చక్కగాను’ అన్న పదం పాదపూరణమే కాదు.

కొలువుకు దారగు = ఉద్యోగానికి మార్గమగును. ఇక్కడ తల్లి అభ్యంతరం చెప్పింది: “ఆటలాడితె కొలువెట్లొస్తదిరా? పత్తాలాటలల్ల పైసలు పోగొట్టుకున్నోళ్లను సూడలేదా?” ఆమె భయం రమ్మీ గురించి. తెలంగాణ 2017లోనే ఆన్‌లైన్ రమ్మీని నిషేధించింది. 2025 ఆగస్టులో కేంద్రం చేసిన చట్టం పైసలు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలన్నిటినీ వద్దంది, ఈ-స్పోర్ట్స్‌ను వేరుగా గుర్తించింది. మన కవి రెండో కోవలోనివాడు, పైసలు ఆటలో పెట్టడు, డబ్బాలో పెడతాడు. కొలువు మాటకు వస్తే అతడి దగ్గర ఒక దృష్టాంతం ఉంది. ఇదే జగిత్యాల జిల్లా లంబాడిపల్లిలో 2012లో మొదలైన ‘మై విలేజ్ షో’ అనే యూట్యూబ్ చానెల్‌తోనే గంగవ్వ తెలుగువాళ్లందరికీ తెలిసింది, 2020లో బిగ్‌బాస్ ఇంటిదాకా పోయింది. వీడియో ఎడిటింగ్‌కు మంచి కంప్యూటర్ కావాలి, ఆటలకూ దాదాపు అదే కంప్యూటర్ కావాలి. పెళ్లి వీడియోలు కట్ చేసేవాళ్లను, ఫ్లెక్సీ షాపులవాళ్లను అడిగినా ఈ మాటే అంటారు. కాబట్టి ఈ పాదంలో కవి అబద్ధమాడాలనుకుని నిజం చెప్పాడు.

కొత్త డబ్బ = దీనికి రెండు అర్థాలున్నాయి, కవి మనసులోది ఒకటి, సిద్ధాంతం వేరొకటి.

కవి మనసులోది అతడి నోట్‌బుక్ చివరి పేజీలో దొరికింది. ఆర్‌టీఎక్స్ 4060 కార్డు, గాజు తలుపుల క్యాబినెట్, రంగురంగుల లైట్ల ఫ్యాన్లు ఆరు, లైట్లున్న ర్యామ్, లైట్లున్న కీబోర్డు. అడుగున గీత గీసి 85 వేలు. లైట్లు ఫ్రేములు పెంచవు. ఈ వాక్యాన్ని టీకాకారుడు ఎన్నిసార్లు చెప్పినా కవి విననట్టే ఉంటాడు.

సిద్ధాంతం ఇది. హైదరాబాదు కంపెనీలు లీజు ముగిసినాక దించేసిన ఆఫీసు కంప్యూటర్లు సికింద్రాబాదు పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో, చుట్టుపక్కల షాపుల్లో దొరుకుతాయి. జనం సీటీసీ అంటారు. డెల్ ఆప్టిప్లెక్స్, హెచ్‌పీ ఎలైట్‌డెస్క్, లెనోవో థింక్‌సెంటర్ పేర్లు చూడాలి. ఎనిమిదో తరం ఐ5 అయితే ఆరు కోర్లు ఉంటాయి, విండోస్ 11 ఎక్కుతుంది, వాలరెంట్ గొణగదు. పొట్టి సన్న డబ్బా ముచ్చటగా ఉంటుంది గానీ మామూలు ఎత్తు కార్డు అందులో పట్టదు. టవర్ మోడలే అడగాలి. వీటి ఎస్‌ఎంపీఎస్‌లు కంపెనీ సొంత కొలతలవి, వాట్లు తక్కువ, కార్డుకు వేరే వైరు ఇవ్వనివే ఎక్కువ. మదర్‌బోర్డు స్లాటు నుంచి కార్డుకు అందేది 75 వాట్లు. ఆ 75లోనే బతికే కార్డు జీటీఎక్స్ 1650. 2019లో వచ్చింది, 4 జీబీ మెమొరీ, వేరే వైరు అడగని రకాలు చాలా ఉన్నాయి. పైన చెప్పిన ఆటలు సెట్టింగ్స్ కొంచెం తగ్గిస్తే దీని మీద హాయిగా నడుస్తాయి.

కార్డే వద్దనుకుంటే రైజెన్ 5 5600జీ. బొమ్మ చూపే పని ప్రాసెసరే చేసుకుంటుంది. అయితే ర్యామ్ ఒక్క కడ్డీ పెడితే సగం బలమే చూపిస్తుంది, రెండు కడ్డీలు జోడీగా పెట్టాలి. ర్యామ్ రేటే ఇప్పుడు తలనొప్పి. 2025 చివర్లో ఏఐ డేటా సెంటర్ల గిరాకీకి మెమొరీ చిప్పుల ధర ఎగిరింది. క్రూషియల్ పేరుతో మామూలు జనానికి ర్యామ్ అమ్మే వ్యాపారం మానుకుంటామని మైక్రాన్ ఆ డిసెంబరులోనే ప్రకటించింది. ఎక్కడో అమెరికాలో యంత్రాలకు తెలివి నేర్పుతుంటే మెట్‌పల్లిలో 16 జీబీ కోసం బేరమాడాల్సి వస్తున్నది. కనుక పాత ఆఫీసు డబ్బా కొనేటప్పుడు ర్యామ్ లోపలే ఉన్నది చూసుకోవడం ఉత్తమం.

పాఠాంతర విచారం: సెకండ్ హ్యాండ్ బజారులో ‘ఆర్‌ఎక్స్ 580, 8 జీబీ’ అని ఊరించే కార్డు కనిపిస్తుంది. మూలపాఠంలో దానికి 2304 స్ట్రీమ్ ప్రాసెసర్లు. ‘2048ఎస్‌పీ’ అని చిన్న అక్షరాలుంటే అది 570 మేనికి 580 పేరు తొడిగిన పాఠం. పరిష్కర్తలు అట్ట మీది పేరు నమ్మరు, లోపలి లెక్క చూస్తారు. ఏ పాఠమైనా ఈ కార్డు 75 వాట్లకు చాలా మించి తాగుతుంది, ఆఫీసు డబ్బా తట్టుకోదు. పైగా ఇథీరియం నాణెం 2022 సెప్టెంబరు 15న మైనింగ్ పద్ధతి వదిలేశాక, రాత్రింబగళ్లు గనిలో పనిచేసిన కార్డులు బజారుకు వచ్చిపడ్డాయి. తుడిచి అమ్మితే ముఖం చూసి పోల్చలేము. ఫ్యాను చేత్తో తిప్పి చూడాలి, కళ్ల ముందు అరగంట ఆట నడిపించాలి. ‘అంతసేపు కరెంటెవడిస్తడు’ అన్న షాపు నుంచి దిగి వచ్చేయాలి.

సొంతంగా కూర్చుకునేవాళ్లు చవక చేయకూడనిది ఎస్‌ఎంపీఎస్ ఒక్కటే. మీద 450 వాట్లని అచ్చేసినంత మాత్రాన లోపల అవి ఉన్నట్టు కాదు. ఎండాకాలం మోటర్లన్నీ ఒక్కసారి నడిచే వేళ వోల్టేజీ ఎగిరిపడితే, చవక ఎస్‌ఎంపీఎస్ తాను పోతూ కార్డును వెంట తీసుకుపోతుంది. సిరిసిల్లలో మరమగ్గాల పక్కింటివాళ్లయితే నూలు దుమ్ముకు ముందు జాలీ కట్టుకోవాలి.

పంపు దుబయి నుండి = దుబాయి అనవలసినది. సూర్యగణం కోసం కవి ‘బా’ను కుదించాడు. రెండున్నర వేల కిలోమీటర్ల దూరంలో అతడు కుదించగలిగింది ఆ ఒక్క మాత్ర. తండ్రినే అక్కడ కొని తెమ్మనవచ్చు కదా అంటే, కస్టమ్స్‌లో పెద్దవాళ్లకు ఒక ల్యాప్‌టాప్ సుంకం లేకుండా వదులుతారు. విడి కార్డుకు, గాజు డబ్బాకు ఆ ప్రత్యేక మినహాయింపు లేదు.

పైసలిన్ని = ‘ఇన్ని నీళ్లియ్యుండ్రి’ అన్నప్పటి ‘ఇన్ని’, అనగా కొంచెం. మెసేజి వెనకాలే నోట్‌బుక్ పేజీ ఫొటో కూడా పోయింది కనుక ‘ఇదిగో, ఇన్ని’ అనే అర్థమూ పొసగుతుంది. దుబాయిలో తండ్రి గదిలో ఉన్న సిరిసిల్ల, జగిత్యాలవాళ్లు ‘పైసలన్ని’ అని విన్నారట. గణయతులు రెండింటికీ ఒక్కటే అయినందున నిర్ణయించడం కష్టం.

తాత్పర్యము

ఓ తండ్రీ, నేను ఆటలాడుకునే యంత్రం కొన్ని నెలలుగా మొరాయిస్తున్నది, దాన్ని విప్పి చూడలేదు, దయచేసి 85 వేలు పంపుము.

ఉత్తరభాగము

తండ్రి జవాబు గద్యంలో వచ్చింది: “కరెంటు తీసి సైడు డోరు ఇప్పు. ఫొటో పెట్టు. ఎస్‌ఎంపీఎస్ డబ్బను మాత్రం ఇప్పకు, అండ్ల కెపాసిటర్లు తీసినంక గూడ షాక్ కొడ్తయి.”

ఫొటోలో ఫ్యాను కనపడలేదు. బీడీ తంబాకు పొడి, ఇంటి దుమ్ము కలిసి దాని మీద మెత్తని దుప్పటి కప్పాయి. ఏసీ బయటి యూనిట్లు కడిగి బతికే మనిషికి ఇక వేరే టీకా అవసరం లేదు. బ్లోయర్ కొట్టమన్నాడు, ర్యామ్ కడ్డీ తీసి కాళ్లను పెన్సిలు రబ్బరుతో తుడవమన్నాడు, ప్రాసెసర్‌కు కొత్త పేస్టు పెట్టమన్నాడు, సెల్లు మార్చమన్నాడు. పెట్టె లేచి కూర్చుంది. పాత డిస్కు స్థానంలో చిన్న ఎస్‌ఎస్‌డీ పడ్డాక, చాయ్ తాగి వచ్చేలోగా తెరుచుకోనిది నిమిషం లోపే తెరుచుకుంటున్నది.

కవి వెంటనే మొదటి పాదాన్ని సవరించి ‘మందయ్యె నిన్ననే’ అని కొత్త పాఠం పంపాడు. ఈ పాఠం గ్రాహ్యం కాదు. ‘బా’కు ‘మం’తో యతి చెల్లదు, ‘మందమయ్యె’ అనాలని వ్యాకరణమూ ఒప్పుకోదు. నిజం మాత్రం ఒప్పుకుంటుంది. యతి తప్పని అబద్ధమా, యతి తప్పిన నిజమా అని టీకాకారుడు తటపటాయిస్తుండగా కోరుట్ల నుంచి అక్క ఫోను చేసింది.

“బాగైందంట గద. నా పెట్టె నాకు పంపు, పిలగాండ్లకు పనికొస్తది.”

పెట్టె ఆమెదే అనడంలో వివాదం లేదు. బిల్లు మీద ఆమె పేరే ఉంది. మరుసటి ఆదివారం బావ వచ్చి బండి మీద కట్టుకుని పోయాడు. దాంతో కవి దగ్గర నిజంగానే కంప్యూటర్ లేదు. దుబాయి నుంచి 25 వేలు వచ్చాయి, ‘లైట్లు వద్దు’ అన్న షరతుతో. టవర్ మోడల్, ఎనిమిదో తరం, 16 జీబీ, జీటీఎక్స్ 1650 అని కాగితం మీద రాసిచ్చి టీకాకారుడు అతణ్ని సికింద్రాబాదు బస్సెక్కించాడు. కిటికీలోంచి తల బయటపెట్టి, ఒక్క లైటు ఫ్యానుకు ఎంతవుతుందని అడిగాడు.