నాకొక శత్రువు కావలెను

బందరు పేరు లడ్డూకి అంటుకుంది, ఆత్రేయపురం పేరు పూతరేకులకి. కలకత్తా శివార్లలోని దమ్‌దమ్ పేరు మాత్రం తూటాకి అంటుకుంది. 1890ల్లో అక్కడి ఆయుధాగారంలో బెర్టీ క్లే అనే కెప్టెన్ దొర తయారుచేయించిన తూటా, ఒంట్లోకి దిగాక విచ్చుకుని లోపలంతా ఛిద్రం చేసేది. ఇది మరీ అన్యాయమని 1899లో హేగ్‌లో పెద్దమనుషులు కూర్చుని, యుద్ధాల్లో అలాంటిది వాడరాదని తీర్మానించారు. మామూలు తూటాతో చంపితే మర్యాద అన్నమాట.

అక్కడితో అయిపోలేదు. గంగ ఒడ్డున కాశీపూర్‌లో 1802లో మొదలైన కార్ఖానా దేశంలోని ఆయుధ కర్మాగారాలన్నిటికీ పెద్దక్క. ఇంకాస్త ఎగువకి వెళితే ఈశాపూర్ రైఫిల్ ఫ్యాక్టరీ. అక్కడ ‘నిడర్’ అని ఒక .22 రివాల్వర్ చేశారు, బరువు పావుకిలో. ఈ సంగతి తెనాలిలో ఉన్న మా బావమరిదికి తెలిసినప్పటినుంచి కలకత్తాలో ఉన్న నాకు మనశ్శాంతి లేదు.

“ఫ్యాక్టరీ ఊళ్లో పెట్టుకుని ఒట్టి చేతుల్తో తిరుగుతావేంటి బావా? తోటలోకెళ్లి మామిడికాయలు కొన్నట్టు ఒకటి తెచ్చుకోరాదూ? రిటైరైన మనిషివి, పీఎఫ్ డబ్బులున్నాయి, రక్షణ ఉండొద్దూ?”

పీఎఫ్ డబ్బులు బ్యాంకులో ఉన్నాయిరా, బ్యాంకు గుమ్మంలో తుపాకీ పట్టుకుని గార్డు ఉన్నాడు అంటే వినడు. పైగా సత్యజిత్ రాయ్ సృష్టించిన ఫెలూదా దగ్గర .32 కోల్ట్ ఉందని నాకే గుర్తుచేశాడు. ఫెలూదాకి కేసులున్నాయి. నాకున్నది పెన్షన్ పుస్తకం.

సరే, చూద్దామని దరఖాస్తు తెప్పించాను. కలకత్తాలో లైసెన్సు ఇచ్చేది పోలీసు కమిషనరు. 1959 నాటి ఆయుధాల చట్టం ప్రకారం 21 ఏళ్లు నిండాలి, నిండి చాలాకాలమైంది. కేసులుండకూడదు, లేవు. మతి స్థిమితంగా ఉండాలి, ఈ విషయంలో ఇంట్లో భిన్నాభిప్రాయాలున్నా రుజువులు లేవు. చిక్కంతా ఒక్క గడి దగ్గర వచ్చింది: ఎందుకు కావాలి? ‘సరదాకి’ అంటే కుదరదు. ‘బావమరిది పోరు పడలేక’ అన్నా కుదరదు. ప్రాణానికో ఆస్తికో ముప్పుందని అధికారిని నమ్మించాలి. అంటే నన్ను చంపాలనుకునేవాడు ఒకడుండాలి, వాడి సంగతి పోలీసులకి తెలియాలి.

శత్రువు కోసం బుర్ర బద్దలుకొట్టుకున్నాను. పల్నాడులో పుట్టివుంటే తాతలనాటి పగ ఒకటైనా వాటాకి వచ్చేది. మా తాత అందరికీ అప్పులిచ్చి తిరిగి అడగని మనిషి, మాకు మిగిల్చిపోయిందల్లా కృతజ్ఞత. నేనా, గార్డెన్‌రీచ్ రైల్వే ఆఫీసులో ఉద్యోగమంతా ఎవరి ఫైలూ ఆపకుండా గడిపేశాను. ఈ ఊళ్లో ప్రాణాలమీదకి వచ్చే తగవంటే ఫుట్‌బాలే. నేను మోహన్ బగాన్ వాళ్ల దగ్గర మోహన్ బగాన్, ఈస్ట్ బెంగాల్ వాళ్ల దగ్గర ఈస్ట్ బెంగాల్.

“ఏమే, నన్ను చంపాలని ఎవరికైనా ఉండుంటుందంటావా?” అని మా ఆవిణ్ణి అడిగాను.

“నేనొక్కదాన్నే ఉన్నానండీ. అదీ ఆదివారాలే.”

పక్కింటి ఛటర్జీ బాబు ఇంకో ఆటంకం చూపించాడు. విచారణకి వచ్చిన పోలీసు మా పేటలో టీ కొట్టు దగ్గర అడుగుతాడు కదా, అక్కడ అందరూ నన్ను ‘చాలా భద్రలోక్’, అంటే మరీ పెద్దమనిషి, అంటారట. “ఇక మీకు తుపాకీ ఏమొస్తుంది దాదా?” అని జాలిపడ్డాడు.

పరాయి దేశాల్లో ఎలా ఉందోనని డాలస్‌లో ఉన్న మా మేనల్లుడికి ఫోన్ చేశాను. అమెరికాలో లైసెన్సున్న దుకాణంలో రివాల్వర్ కొనాలంటే 4473 అనే ఫారం నింపాలి. దుకాణదారు ఎఫ్‌బీఐ జాబితాలో వాకబు చేస్తాడు, చాలామందికి నిమిషాల్లో తేలిపోతుంది. నేరం చేశావా, మత్తుమందుకి బానిసవా అని ఆ ఫారం తరచి తరచి అడుగుతుంది గానీ, ఎందుకయ్యా నీకిది అని మాత్రం అడగదు. శత్రువులు లేనివాడికి స్వర్గం. కాకపోతే మావాడిది హెచ్1బీ. తాత్కాలిక వీసాల వాళ్లకి తుపాకీ అమ్మరు, వేట లైసెన్సు ఉంటే తప్ప. చీమ అడ్డొస్తే పక్కకి తప్పుకునే శాకాహారి, వేటగాడినని కాగితం పుచ్చుకుంటే తుపాకీకి అర్హుడు. గ్రీన్‌కార్డు క్యూలో ఉన్నవాడికి గ్రీన్‌కార్డు కంటే తుపాకీయే ముందు దొరికేట్టుంది.

జపాన్‌లో మామూలు మనిషికి రివాల్వర్ ఊసే లేదు. వేట తుపాకీ కావాలన్నా పాఠాలు వినాలి, పరీక్ష రాయాలి, గురి చూపించాలి, డాక్టరు చేత మనసు బాగుందని రాయించుకోవాలి. ఇంట్లో తుపాకీ ఎక్కడ, తూటాలు ఎక్కడ దాస్తావో బొమ్మ గీసి పోలీసులకివ్వాలి. ఇరుగుపొరుగునీ వాకబు చేస్తారు. కెనడాలో లైసెన్సు దరఖాస్తు మీద భార్య సంతకం అడుగుతారు. విడిపోయి రెండేళ్లు దాటకపోతే ఆ మాజీ భార్యదీ కావాలి. సంతకం పెట్టకపోతే సర్కారే ఆవిడకి కబురు చేస్తుంది. ఈ ముక్క మా ఆవిడకి చదివి వినిపించాను. కెనడా చాలా మంచి దేశమంది. 2022 అక్టోబరు నుంచి అక్కడ చేతి తుపాకుల అమ్మకాలే ఆపేశారు.

బ్రిటన్ సంగతి వేరు. 1996లో డన్‌బ్లేన్ బడిలో 16 మంది పసివాళ్లూ వాళ్ల టీచరూ కాల్పులకి బలయ్యాక, మరుసటేడు చేతి తుపాకులు దాదాపు పూర్తిగా నిషేధించారు. దానిమీద హాస్యమాడను. సరైన పని.

ఈ ప్రశ్నల బాధ పడకుండా పిస్తోళ్లు సంపాదించినవాళ్లు కలకత్తాలో లేకపోలేదు. 1914 ఆగస్టు 26న, ఆయుధాలమ్మే రొడ్డా కంపెనీకి ఓడలో వచ్చిన సరుకుని విడిపించడానికి ఆ కంపెనీ గుమాస్తా హాబూ మిత్ర కస్టమ్స్‌కి వెళ్లాడు. ఏడు ఎడ్లబళ్లకి ఎత్తించాడు. గోదాముకి చేరినవి ఆరు. ఏడోది విప్లవకారుడు హరిదాస్ దత్త తోలుకుపోయాడు, 50 మౌజర్ పిస్తోళ్లు, 46 వేల తూటాలతో సహా. మన అల్లూరి సీతారామరాజు ఇంకా పద్ధతైన మనిషి. 1922 ఆగస్టులో చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీసు స్టేషన్ల మీద వరసగా మూడు రోజులు పడి 26 తుపాకులు పట్టుకెళుతూ, ఏమేం తీసుకున్నాడో రాసి సంతకం పెట్టి వెళ్లాడు. అవి 1878 చట్టం రోజులు. ఆ చట్టం కింద చాలాకాలం తెల్లవాడికి లైసెన్సే అక్కర్లేదు, నల్లవాడికి దొరకడం మహా కష్టం.

పోనీ, ఎలాగో లైసెన్సు వచ్చిందే అనుకుందాం. బీబీడీ బాగ్ చుట్టుపక్కల పాతకాలపు తుపాకీ దుకాణాలున్నాయి. అలాంటి వర్తకులే అయిన జోడాసాంకో దాఁ వారింటిని ‘బందూక్‌వాలా బాడి’ అంటారు, దుర్గాష్టమి సంధిపూజ వేళ అక్కడ చిన్న ఫిరంగి పేలుస్తారు. అయితే దుకాణంలో .38 అడక్కూడదు, అది నిషేధిత వర్గం. 1980ల మధ్యలో దిగుమతులు ఆపేయడంతో పాత విలాయతీ రివాల్వర్‌కి లక్షలు పలుకుతాయి. ఆడవాళ్ల కోసమని 2014లో కాన్పూర్‌లో చేసిన ‘నిర్భీక్’ వెల 1.22 లక్షలు, నగల పెట్టెలో పెట్టి మరీ ఇచ్చారు. ఆ ధరకి నగలే వస్తాయని మా ఆవిడ తీర్పు. ఇంత చేసి కొన్నాక, ఎన్నికలొచ్చాయంటే తుపాకీ పట్టుకెళ్లి అప్పగించి రమ్మంటారు. బెంగాల్లో దాని అవసరం పడేదే అప్పుడు కదా అంటాడు ఛటర్జీ బాబు.

కాబట్టి పాఠకులకి ఒక మనవి. మీలో ఎవరికైనా నామీద కక్ష ఉంటే దయచేసి మనసులో దాచుకోకండి. ఒక బెదిరింపు ఉత్తరం రాయండి. తెలుగులో వద్దు, ఇక్కడి ఠాణాలో చదవలేరు. బెంగాలీలోనో ఇంగ్లీషులోనో, తేదీ వేసి, సంతకం స్పష్టంగా పెట్టి, రెండు కాపీలు పంపండి. కారణం కూడా రాయడం మరవకండి. లేకపోతే మా ఆవిడ నమ్మదు.