ఎడారి కొండల్లో మంచు పార

నేను అల్యూమినియం పారను. అమెరికాలోని యూటా రాష్ట్రంలో, మోఆబ్ ఊరి దగ్గరి లా సాల్ కొండల్లో నా పని. కింద ఎర్రరాతి ఎడారి, పైన 3,877 మీటర్ల మౌంట్ పీల్.

ఎడారి కొండ మీద పడే కాసింత మంచు ఎవర్నేం చేస్తుందని కొత్తవాళ్లు అనుకుంటారు. ఆ కాసింత మంచుకే నేను భయపడతాను. మంచు కింద నేల సున్నా డిగ్రీల దగ్గరే ఉంటుంది. మబ్బులేని ఎడారి రాత్రి పైపొర మాత్రం బాగా చల్లబడిపోతుంది. మధ్యలో మందం లేదు కనుక, మీటరుకు 10 డిగ్రీలకు మించి తేడా వస్తుంది. అడుగు నుంచి ఆవిరి పైకి పాకుతూ మంచు రేణువుల్ని కోసుదేలిన పెద్ద స్ఫటికాలుగా మార్చేస్తుంది. డెప్త్ హోర్ అంటారు. ఎత్తి చూస్తే పంచదారలా జారిపోతుంది. ఒక పలుకు ఇంకోదాన్ని పట్టుకోదు. ఎండ సోకని ఉత్తరపు వాలుల్లో నెలల తరబడి అలాగే ఉంటుంది. దానిమీద గాలి తెచ్చిపోసిన కొత్త మంచు గట్టి పలకలా పేరుకుంటుంది. కింది పట్టులేని పొర విరిగి ఆ పలక జారితే అదే మంచుచరియ.

స్కీ మోపగానే లోపల ‘ధుమ్’మని కుంగిన చప్పుడైతే ఇక తవ్వి చూడక్కర్లేదు, వెనక్కి తిరగాల్సిందే. చప్పుడు లేకపోతేనే నా వంతు. నన్ను మోసే ఆమె ప్రమాదం లేని చిన్న వాలు చూసుకుని నేల తగిలేదాకా తవ్వుతుంది. 90 సెంటీమీటర్ల వెడల్పు, 30 సెంటీమీటర్ల లోపలికి ఒక దిమ్మను రంపంతో వేరుచేసి, ఒక కొసన నన్ను పెడుతుంది. నా వీపు మీద మణికట్టుతో 10 దెబ్బలు, మోచేతి నుంచి 10, భుజం నుంచి 10. పగులు పుట్టడం ఒక ఎత్తు, అది అవతలి కొసదాకా పరుగెత్తడం ఒక ఎత్తు. పరుగెత్తిందంటే 30 డిగ్రీలు దాటిన వాలు జోలికి ఆమె పోదు, తోడొచ్చినవాళ్లు ఎంత బతిమాలినా సరే. పగలకపోయినా కొండంతటికీ అదే మాట చెల్లదని ఆమెకు తెలుసు. నాలుగడుగులు పక్కకెళితే మంచు మందం వేరు, గాలి చేసిన పని వేరు.

1992 ఫిబ్రవరిలో ఇక్కడి గోల్డ్ బేసిన్‌లో మంచుచరియ విరిగిపడి నలుగురు చనిపోయారు. కూరుకున్నవాళ్లను తవ్వితీయడానికీ పారే కావాలి, అదీ మొదటి నిమిషాల్లోనే. ఆ పని నాకు పడకూడదనే గొయ్యి తవ్వే ప్రతిసారీ నేల దాకా దిగుతాను. చాలాసార్లు ఆ చివరి జానెడులోనే డెప్త్ హోర్ ఉంటుంది.