ఒక్క జొన్నరొట్టె: టీకా తాత్పర్యసహితం

మూలం: "రాత్రి ఒక్క జొన్నరొట్టెనే తిన్న సారూ. పండుకునే ముందు షుగర్ 130. పొద్దుగాల లేచి చూస్తే 170. నిద్రల నేనేమన్న తిన్ననా?"

అవతారిక: సిద్దిపేట కోమటిచెరువు కట్ట మీద, ఉదయపు నడక మధ్యలో బెంచీ మీద చతికిలబడి ఒక పెద్దమనిషి పలికినది. కాళిదాసుకు టీకలు రాసిన మల్లినాథసూరిది మా పాత మెదక్ జిల్లా కొల్చారమే. మూలంలో లేనిది రాయనని ఆయన నియమం. మనకంత నిష్ఠ లేదు. ఆయనకు గ్లూకోమీటరు లేదు.

టీక: రాత్రి = పదిన్నరకు. ఒక్క = ఇది సంఖ్యావాచకం కాదు, వినయవాచకం. ఇంటావిడ పాఠంలో "మూడు" అని ఉంది, చివర ఒక బెల్లపుముక్క కూడా కనిపిస్తుంది. దాన్ని ప్రక్షిప్తమని ఈయన వాదన. పండుకునే ముందు = తిన్న చెయ్యి తడి ఆరకముందు. రొట్టె రక్తంలోకి ఎక్కడానికి గంటో రెండు గంటలో పడుతుంది గనుక ఆ 130 నమ్మదగిన సాక్షి కాదు.

నేను = వ్యాఖ్యాతలు తడబడేది ఇక్కడే. తిన్నది ఈయనే అయినా వడ్డించినవారు వేరే ఉన్నారు. కాలేయం అని అధ్యాహారం చేసుకోవాలి. మెదడు నిద్రలోనూ చక్కెర అడుగుతూనే ఉంటుంది. అందుకని కాలేయం సుమారు 100 గ్రాముల గ్లైకోజన్‌ను గాదెలో దాచి, రాత్రంతా కొలిచి కొలిచి పోస్తుంది. మొదటి నిద్రలో ఊరిన గ్రోత్ హార్మోన్ ప్రభావానికి తెల్లవారుజామున పెరిగే కార్టిసాల్ తోడై, "మనిషి లేస్తున్నడు, ఇంకో కుంచం పొయ్యి" అంటాయి. షుగర్ లేని ఒంట్లో ఇన్సులిన్ ఆ ఎక్కువను సర్దేస్తుంది. ఉన్న ఒంట్లో అది చాలదు, లేదా చెప్పిన మాట చెల్లదు. దీనికి 1981లో "డాన్ ఫినామినన్" అని పేరుపెట్టారు. ఉషఃశర్కర అందాం.

పూర్వపక్షం: నడిరాత్రి షుగర్ పడిపోతే, ఒళ్లు బెదిరి ఎక్కువ తోసిందేమో? ఇది హంగేరీలో పుట్టి అమెరికాలో పనిచేసిన మైకేల్ సోమోజీ మతం, 1930ల నాటిది. పరిహారం: ఒంటికి అంటించుకునే సెన్సర్లు వచ్చాక చూస్తే, రాత్రి పడినవాళ్లకు తెల్లారీ తక్కువే ఉంటున్నది ఎక్కువగా. అయినా ఇన్సులినో గ్లిమిపిరైడో వాడేవాళ్లకు నిద్రలో చెమటలు, పీడకలలు వస్తుంటే ఆ వేళ ఒకసారి చూసుకోవలసిందే.

తిన్ననా = కాకువు. ప్రశ్న కాదు, బెయిలు పిటిషను.

తాత్పర్యం: చెప్పబోతూ, ఒక్కరోజు మూడింటికి అలారం పెట్టుకుని చూడమన్నాను. పెద్దమనిషి మొహం వాడిపోయింది.

"మూడింటికి లేస్తె ఆకలైతది సారూ."