గింజలో నీటి వాటా

కృష్ణా నీళ్ల లెక్క తేలక రెండు తెలుగు రాష్ట్రాలు ఇంకా ట్రైబ్యునల్ మెట్లు ఎక్కుతూ దిగుతూనే ఉన్నాయి. 1976లో బచావత్ ట్రైబ్యునల్ ఉమ్మడి రాష్ట్రానికి 811 టీఎంసీలు రాసిచ్చింది. రాష్ట్రం రెండయ్యాక 2015లో 512, 299 అని తాత్కాలికంగా పంచుకున్నారు. ఆ తాత్కాలికం మీద వాదనలు మాత్రం శాశ్వతంగా నడుస్తున్నాయి. చుక్కచుక్కకీ ఒక లాయరున్న ఈ వ్యవహారంలో, నాదంటే నాదని ఎవరూ పోట్లాడని నీళ్లు ఒక్కచోటే కనిపిస్తాయి. అవి కోతకొచ్చిన వడ్లగింజలో ఉన్న నీళ్లు. కాలువలో ఉన్నంతసేపు అవి ఇరిగేషన్ వాళ్లవి, జలాశయంలో ఉన్నంతసేపు కృష్ణా బోర్డువి, మబ్బులో ఉన్నంతసేపు వాతావరణ కేంద్రానివి. గింజలోకి దిగిన క్షణం నుంచి పట్టాదారు పాసుపుస్తకం అక్కర్లేకుండానే రైతు సొంతం. ఆ సొంత నీటిని ఆయన సొంత ఖర్చుతో వదిలించుకుని, తేమ 17 శాతానికి దించి తెస్తేనే మద్దతు ధర. 18 ఉంటే ‘ఇంకో రెండెండలు చూపించు బాబాయ్’ అంటారు. ఎండ ఎక్కడ దొరుకుతుందో చెప్పే కౌంటరు మాత్రం కొనుగోలు కేంద్రంలో ఉండదు.

ఈ ఏర్పాటును తప్పుపట్టే ముందు దాని తరఫున చెప్పే మాటలు వినాలి. మొదటిది, అకాల వర్షానికి ఎవరేం చేస్తారని. నిజమే, క్యాలెండరులో లేని వానకు ప్రభుత్వాన్ని నిలదీయడం అన్యాయం. అందుకని క్యాలెండరే చూద్దాం. దివిసీమను ముంచిన ఉప్పెన 1977 నవంబరు 19న. కోనసీమను నేలమట్టం చేసిన తుపాను 1996 నవంబరు 6న. హెలెన్ మచిలీపట్నం దగ్గర తీరం దాటింది 2013 నవంబరు 22న. పెథాయ్ 2018 డిసెంబరు 17న. మిగ్‌జాం బాపట్ల దగ్గర 2023 డిసెంబరు 5న. మొంథా నరసాపురం దగ్గర 2025 అక్టోబరు 28 రాత్రి, అదీ తీరం దాటి ఊరుకోకుండా వరంగల్ దాకా వెళ్లి వడ్ల రాశుల్ని పలకరించింది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా బంగాళాఖాతానికి తుపాన్ల కాలమని బడి పుస్తకంలో ఉంటుంది. వానాకాలం వరి కోతలూ సరిగ్గా అప్పుడే. ఇంత క్రమం తప్పకుండా, సంక్రాంతి అల్లుడికన్నా నమ్మకంగా వచ్చేదాన్ని ప్రతిసారీ వీధిగుమ్మంలో నిలబడి ‘అరె, మీరెలా వచ్చారు’ అని అడగడం మనకే చెల్లింది. యాసంగి సంగతీ అంతే. ఏప్రిల్, మే నెలల్లో ఈదురుగాలీ వడగళ్లూ తెలంగాణకు కొత్త కాదు. 2023 వేసవిలో మార్కెట్ యార్డుల్లోనే వడ్లు కొట్టుకుపోయాయి. కొనడానికి తెచ్చిన చోటే తడిసిన ధాన్యానికి తడిసిందన్న పేరుతో కోత పెట్టడం ఒక్క వడ్ల వ్యాపారంలోనే సాధ్యం.

ముందే నాటుకుంటే ముందే కోసుకోవచ్చు కదా అన్నది రెండో మాట, ఇది బుద్ధిగల మాట. 2022లో గోదావరి డెల్టాకు జూన్ 1న, కృష్ణా డెల్టాకు జూన్ 10న నీళ్లు వదిలారు. మంచి పని. కాకపోతే నీళ్లు వదిలిన తేదీ బ్యారేజీ దగ్గరి తేదీ. శివారు చేలో నారుమడి తడిసే తేదీ వేరు. కాలువ చివరి ఊళ్లో నాట్లు ఆగస్టులోకి జారితే, 150 రోజుల స్వర్ణ రకం డిసెంబరు గడప తొక్కకుండా కోతకు రాదు. అయితే స్వర్ణ మానేసి తక్కువ రోజుల రకం వేయండి అంటారు. 1982లో మార్టేరు పరిశోధన కేంద్రం నుంచి వచ్చిన ఆ రకాన్ని రైతు మొండితనంతో అంటిపెట్టుకోలేదు. నీటిముంపును కాస్త ఓర్చుకుని దిగుబడి ఇస్తుందని పెట్టుకున్నాడు. మురుగు కాలువల్లో పూడిక తీయకుండా ముంపును ఓర్చే రకం వద్దనడం, దారిలో ముళ్లు ఏరకుండా చెప్పులు వదిలేయమన్నట్టే ఉంది. కోనసీమ రైతులైతే ఇంకో అడుగు ముందుకేసి 2011లో ఖరీఫ్ పంటే వేయకుండా విరామం ప్రకటించారు. అప్పుడు ప్రభుత్వం మోహన్ కందా కమిటీ వేసింది. పంట వేస్తే తేమ, వేయకపోతే కమిటీ.

అసలు 17 శాతం అనే అంకె మీద నాకు పగలేదు. అంతకు మించి తడి ఉన్న వడ్లు గుట్టలో వేడెక్కుతాయి, రంగు మారతాయి, బూజు పడతాయి, మిల్లులో నూకవుతాయి. ఆ బియ్యం చివరికి చేరేది రేషన్ షాపుకే, అక్కడ నిలబడేదీ పేదవాడే. కాబట్టి నాణ్యత అక్కర్లేదనే వాదన నాది కాదు. నా అభ్యంతరం ఆ అంకెను ఎవరి మీద, ఏ గుమ్మం దగ్గర పెట్టారన్నదాని మీద. ఒకప్పుడు వరి కొడవలితో కోసి, పనలు చేలోనే ఆరేసి, కుప్ప వేసేవాళ్లు. వాన వస్తే కుప్ప పైపైన తడిసేది, లోపల గింజ భద్రం. నూర్పిడి తీరిగ్గా చేసేవాళ్లు. ఇప్పుడు కోతకు మనుషులు దొరకరు, మిషన్ దొరుకుతుంది. మిషన్ కోసిన రోజే నూర్చి, 20 నుంచి 25 శాతం తేమతో పచ్చి గింజను ట్రాక్టరులో పోస్తుంది. చేను పడిపోయి నీళ్లలో ఉంటే టైర్ మిషన్ దిగదు, చైన్ మిషన్ కావాలి, దాని గంట బాడుగ వేరు. పది రోజులు పనమీదా కుప్పలోనూ ఆరాల్సిన గింజ ఒక్క గంటలో రోడ్డు మీదికొచ్చింది. వ్యవసాయాన్ని యాంత్రీకరించమని సబ్సిడీ ఇచ్చిన ప్రభుత్వమే ఆరబెట్టడాన్ని మాత్రం సూర్యభగవానుడికి వదిలేసింది. ఆయన నవంబరులో సెలవు మీద ఉంటాడు.

సలహాలకు లోటుందని ఎవరూ అనలేరు. పడిపోయిన చేలో కంకులు మొలకెత్తకుండా లీటరు నీటికి 50 గ్రాముల ఉప్పు కలిపి పిచికారీ చేయమంటారు. తడిసిన గింజను కుప్పపోస్తే క్వింటాకు 5 కిలోల ఉప్పు, 20 కిలోల ఊక కలపమంటారు. శాస్త్రం ప్రకారం ఇవి సరైన సలహాలే, ఎగతాళి చేయను. కానీ ఎకరానికి పాతిక ముప్పై క్వింటాళ్లు పండించినవాడు లెక్క వేసుకుంటే ఎకరానికి క్వింటాన్నర దాకా ఉప్పు, అయిదారు క్వింటాళ్ల ఊక. అంత ఊక ఎక్కడుంటుంది? రైస్ మిల్లులో ఉంటుంది. అంటే రైతు ముందు తన వడ్లు మిల్లుకు అమ్మి, అందులోంచి వచ్చిన ఊక తెచ్చుకుని, అమ్మిన వడ్లను కాపాడుకోవాలన్నమాట.

మిల్లు మాటెత్తాం కాబట్టి అక్కడే కాసేపు ఆగుదాం, ఈ వ్యవహారంలో చూడదగ్గ వింత అక్కడే ఉంది. గోదావరి జిల్లాల్లోనూ తెలంగాణలోనూ బాయిల్డ్ మిల్లులు కొల్లలు. బాయిల్డ్ మిల్లు చేసే మొదటి పనేమిటి? వడ్లను తొట్టెలో వేడినీళ్లలో గంటల తరబడి నానబెట్టడం. గింజలో తేమ 30 శాతం దాటుతుంది. తర్వాత ఆవిరి పట్టి, డ్రయ్యరులో వేసి, మళ్లీ 14 దగ్గరికి దించుతారు. రైతు మూడు రోజులు జాతీయ రహదారి మీద లారీలకు దండం పెడుతూ 22 నుంచి 17కు దించిన గింజకు మిల్లులో జరిగే మొదటి సన్మానం జలాభిషేకం! 30 నుంచి 14కు రోజూ దించే యంత్రమున్న పెద్దమనిషి, 22 నుంచి 17కు దించడం తనవల్ల కాదని గేటు దగ్గర లారీ ఆపుతాడు. డ్రయ్యరుకు ఖర్చవుతుంది కదా అంటారు. అవుతుంది. చాలా మిల్లుల్లో ఆ కొలిమిలో మండేది ఊకే, ఆ ఊక రైతు తెచ్చిన బస్తాలో అయిదో వంతు, దానికి విడిగా ధర కట్టే ఆచారం లేదు. మొలకెత్తిన గింజ, రంగు మారిన గింజ బాయిల్డుకూ పనికిరాదన్న మాట నిజం. ఆ గతి పట్టకముందే కొంటే మొలకెత్తే అవకాశమే ఉండదన్నది అంతకన్నా నిజం.

ఇక లెక్క. 22 శాతం తేమ ఉన్న క్వింటా వడ్లలో నీళ్లు పోను పదార్థం 78 కిలోలు. అదే పదార్థాన్ని 17 శాతం తేమతో తూస్తే 94 కిలోలు. అంటే రైతు తెచ్చిన ఎక్కువ నీళ్లు 6 కిలోలు. 2025–26లో సాధారణ రకం మద్దతు ధర క్వింటాకు 2,369 రూపాయలు, కాబట్టి ఆ నీళ్ల ఖరీదు 142 రూపాయలు. ఆరబెట్టే ఖర్చు మరికొంత కలిపి కోసుకోండి, మిగతాది ఇవ్వండి. అయిదో తరగతి పిల్లవాడు చేసే ఈ లెక్కను వదిలేసి రెండే సమాధానాలు పెట్టుకున్నారు. ఒకటి ‘కొనం’. రెండోది తరుగు, అంటే తేమ ఎంతున్నా, తాలు ఎంతున్నా క్వింటాకు ఇన్ని కిలోలని గంపగుత్తగా కోత. రైతు సంఘాలు ఏటా మొత్తుకునేది దీని గురించే. పోనీ నీళ్లకు ఖరీదు కట్టడం ధర్మమే అనుకుందాం, అటువైపు కూడా కట్టాలిగా. మే నెల ఎండకు 12 శాతానికి ఎండిపోయిన వడ్లు తెచ్చినవాడి క్వింటాలో పదార్థం 88 కిలోలు. 17 శాతం లెక్కన అది 106 కిలోలు. ఆయనకు రావాల్సిన ఆరు కిలోల ధర ఏ పద్దులోకి పోతోంది? తేమ ఎక్కువైతే యంత్రం చూస్తుంది, తక్కువైతే కళ్లు మూసుకుంటుంది. పైగా ఆ యంత్రం ఒకటి కాదు. కొనుగోలు కేంద్రంలో ఒకటి, మిల్లులో ఒకటి. ఇక్కడ కాంటా పెట్టి ట్రక్ షీట్ రాశాక, అక్కడ మళ్లీ గుప్పెడు గింజలు తీసి చూసి తేమ పెరిగిందంటారు. దారిలో లారీ చెరువులో ఈత కొట్టిందా అని అడగడానికి రైతు అక్కడ ఉండడు, ఉన్నా లారీ వెనక్కి తెచ్చుకునే బాడుగ ఆయన దగ్గర ఉండదు.

తడి వడ్లు కొంటామంటే అందరూ నీళ్లు చల్లుకుని వస్తారన్నది ఈ వాదన మీద పడే పెద్ద దెబ్బ. చల్లుకోనివ్వండి. తేమ పెరిగినంత మేరకు బరువు తగ్గించి కడితే, కడివెడు నీళ్లు పోసినవాడికి పైసా మిగలదు, మోసిన శ్రమ దండగ. నీళ్లు పోస్తే లాభం ఉండేది ఇప్పుడున్న గంపగుత్త తరుగులోనే. ఎండబెట్టినవాడికీ తడిపినవాడికీ ఒకటే కోత పెడితే, ఎండబెట్టినవాడే వెర్రివాడవుతాడు. నీళ్ల బరువు తగ్గించే కడతారు కాబట్టి ఖజానా మునిగిపోతుందనే భయమూ అక్కర్లేదు. ఒక సీజనులో 50 లక్షల టన్నులు కొన్నారనుకుని, ఆ మొత్తమూ 22 శాతం తడితోనే వచ్చిందనుకుందాం. అందులోని అదనపు నీళ్లు 3 లక్షల టన్నులు, ఒక్క టీఎంసీలో నూరో వంతు. ట్రైబ్యునల్లో ఇంత చిన్న అంకె మీద వాదించడానికి ఏ లాయరూ కోటు తొడగడు.

సడలింపు అడిగితే కేంద్రం ఇవ్వదా అని మరో మాట. ఇస్తుంది. తమిళనాడు కావేరి డెల్టాకు 2022 చివర్లో 19 శాతం దాకా, 2023 ఫిబ్రవరిలో 20 దాకా అనుమతి ఇచ్చింది. పద్ధతి ఏమిటంటే, రాష్ట్రం ఉత్తరం రాస్తుంది, కేంద్రం బృందాన్ని పంపుతుంది, బృందం నమూనాలు తీస్తుంది, నమూనాలు ల్యాబుకు వెళతాయి, ల్యాబు చెప్పాక ఉత్తర్వు వస్తుంది. నిద్రావస్థ లేని రకం గింజ తడిలో మొలకెత్తడానికి రెండు మూడు రోజులు చాలు. ఫైలు కన్నా మొలక వేగం ఎక్కువ. ఆంధ్రప్రదేశ్‌లో 2024 నుంచి వాట్సాప్‌లో ‘హాయ్’ అని పంపితే ధాన్యం అమ్ముకునే వేళ ఇస్తున్నారు, సౌకర్యమే. ముసురు పట్టిన వారంలో గింజలే మొలకెత్తి రైతుకన్నా ముందు ‘హాయ్’ అంటున్నాయి. బీమా ఉంది కదా అంటే, ప్రధానమంత్రి ఫసల్ బీమాలో కోత తర్వాతి నష్టానికి 14 రోజుల రక్షణ ఉన్న మాట వాస్తవమే, కానీ కోసి చేలో పరిచిన పంటకు, కట్టలు కట్టి ఆరేసిన పంటకు. 72 గంటల్లో కబురు చెప్పాలి కూడా. తెలంగాణ 2020లోనే ఆ పథకంలోంచి తప్పుకుంది. మిషన్ కోసి నూర్చేసిన గింజ చేలో పరిచి లేదు, రోడ్డు మీద రాశిగా ఉంది. బీమా దృష్టిలో అది పంట కాదు, మిల్లు దృష్టిలో ఇంకా సరుకూ కాదు.

ఇంతకీ కావలసింది విప్లవం కాదు. 12 నుంచి 24 దాకా ప్రతి శాతానికీ క్వింటాకు ఎంత ధరో చెప్పే పట్టిక ఒకటి కొనుగోలు కేంద్రం గోడకు అంటించాలి. తేమ ఒక్కసారే చూడాలి, కేంద్రంలో, రైతు కళ్లముందు. ఆ తర్వాత గింజలో ఉన్న నీళ్లు కొన్నవాడివి. మండలానికో డ్రయ్యరు పెట్టినా సరే, మిల్లు డ్రయ్యరుకు బాడుగ కట్టినా సరే, అది కొన్నవాడి తలనొప్పి. పట్టిక అచ్చు వేయడానికి ఒక్క కాగితం చాలు. వాన వెలిశాక టార్పాలిన్ల కోసం పిలిచే టెండరు నోటీసు అంతకన్నా పొడుగు ఉంటుంది.