ముల్లర్ల వంశవృక్షం

మా శ్రీకాకుళం వైపు ఇంటిపేరు ఒకటైతే అన్నదమ్ముల వరసే, పిల్లనిచ్చే మాటే లేదు. ఈ లెక్కను లోకమంతటికీ కట్టిన ఘనుణ్ణి నేను.

2014 జూలైలో ఫుట్‌బాల్ వరల్డ్ కప్‌లో జర్మనీ 7-1తో బ్రెజిల్‌ను చిత్తు చేసిన రాత్రి, ఛత్తీస్‌గఢ్‌లోని సిల్తారాలో స్పాంజ్ ఐరన్ ప్లాంటులో నాకు నైట్ షిఫ్టు. కంట్రోల్ రూమ్ తెర మీద కిల్న్ వేడి వెయ్యి డిగ్రీల దగ్గర బుద్ధిగా నిలబడింది. చేతికి పని లేకపోయేసరికి నోటికి పని పడింది. మొదటి గోలు థామస్ ముల్లర్ కొట్టగానే "వీడు గెర్డ్ ముల్లర్ మనవడు" అని తేల్చేశాను. ఆధారాలూ గట్టివే మరి! ఇద్దరూ ఆడింది బేయర్న్ మ్యూనిక్ క్లబ్బుకే. దేశానికి ఆడినప్పుడు ఇద్దరి జెర్సీ 13. వరల్డ్ కప్ గోల్డెన్ బూట్ 1970లో తాతకు 10 గోల్స్‌తో, 2010లో మనవడికి 5 గోల్స్‌తో.

అక్కడితో ఆగానా! డీడీటీ పురుగుల్ని చంపుతుందని కనిపెట్టి 1948లో నోబెల్ అందుకున్న పాల్ ముల్లర్‌ను చిన్నతాతను చేశాను. సూపర్ కండక్టర్లకు 1987లో నోబెల్ పంచుకున్న అలెక్స్ ముల్లర్ పెదనాన్న. 2009లో సాహిత్య నోబెల్ వచ్చిన హెర్టా ముల్లర్ మేనత్త. మొదటి ఇద్దరూ స్విట్జర్లాండ్ వాళ్లని, ఆవిడ పుట్టింది రొమేనియాలోనని తెలిసినా, వలస పోయారని సర్దేసేవాణ్ణే.

"మరి మాక్స్ ముల్లర్?" అన్నాడు ఆపరేటర్ సాహూ.

"ఋగ్వేదం అచ్చువేసి మోక్షమూలర భట్టు అని పేరు రాసుకున్న పండితుడాయన. ఈ బంతులాట వాళ్లతో ఆయనకేం పని? ఆయనకి ముల్లర్లలో నా అన్నవాళ్లే లేరు," అన్నాను. సమోసాలు పందెం కూడా కాశాను.

సాహూ నవ్వాడు. "గురూజీ, గేటు దగ్గర 'సాహూ' అని కేకేస్తే సగం షిఫ్టు వెనక్కి చూస్తుంది. అందరూ మా చాచాలేనా?"

ఫోన్ తీసి వెతికి చూపించాడు: ఇక్కడ గానుగ ఆడిన వాళ్లు సాహూలైనట్టు, అక్కడ ఊరూరా పిండిమర ఆడించిన వాళ్లు ముల్లర్లయ్యారు. జర్మనీలో అంతకంటే ఎక్కువమందికున్న ఇంటిపేరు ఇంకోటి లేదు. గెర్డ్‌కూ థామస్‌కూ చుట్టరికమే లేదట. సాహూ అంతటితో వదల్లేదు, ఫోన్లో ఇంకా తవ్వాడు. సంగీతకర్త షూబర్ట్ బాణీలు కట్టిన పాటల కవి విల్‌హెల్మ్ ముల్లర్, మాక్స్‌కు కన్నతండ్రి! సమోసాలు రెండు విడతలు తెప్పించాల్సి వచ్చింది.

ఇప్పటికీ ప్లాంటులో కరెంటు ట్రిప్పయితే ఎవడో ఒకడు అరుస్తాడు: "గురూజీ, అప్నే తావూజీ కో ఫోన్ లగాయియే!" సూపర్ కండక్టర్ల పెదనాన్నకన్నమాట.